ఆది జాకెట్టు

ఇంట్లో నాలుగు మరమగ్గాలు పెట్టుకుని, చీర కొనేదానికి మద్రాసు పోయే మొగుణ్ణి నగరిలో ఎవురైనా చూసినారా? వరదమ్మ చూసింది. పెళ్ళైన ఏడాదికి ఆదికేశవులే తనంతట తాను అడిగినాడు, "దీపావళికి పెద్దంగట్లో కొందామా?" అని. రెండో పెండ్లామని మూతి విరిచినోళ్ళందరి ముందరా ఆ చీర కట్టుకుని తిరగాలని, ఆమె మొదటి బస్సుకే బయల్దేరింది.

నాలుగంతస్తుల అంగడి. పట్టపగలే వందల ట్యూబులైట్లు. లిఫ్టు కదిలితే భయపడి మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు. ఆ మాత్రానికే పొంగిపోయింది, పిచ్చిది.

వంకాయరంగు చీర తీసినారు. మూడో అంతస్తులో రెండు గంటల్లో జాకెట్టు కుట్టిస్తారంట. కొలతకని ఆదికేశవులు సంచిలోంచి కాగితంలో చుట్టిన ఆది జాకెట్టు తీసి టైలరు చేతికిచ్చినాడు. నా జాకెట్టు కూడా మరిచిపోకుండా తెచ్చినాడే అని వరదమ్మ మురిసిపోయింది.

కుట్టింది తొడుక్కోబోతే చేతులు పట్టలేదు. తెర తీసి అడిగింది.

"ఆది ఇదేనమ్మా," అని చూపించినాడు టైలరు.

నల్లచుక్కల జాకెట్టు. మూడేండ్ల కింద చచ్చిపోయిన మొదటి పెండ్లాం పంకజాక్షిది. ఇంట్లో పటంలో ఆమె తొడుక్కునుండేది అదే. ఆ పటానికి రోజూ పూలూ మరువమూ పెట్టేది వరదమ్మే.

"ఏమయ్యా, ఆమె కొలత నాకెందుకు తెచ్చినావు?"

"ఇంగోసారి తొడుక్కో," అన్నాడు ఆదికేశవులు మెల్లగా. "ఇప్పుడు పడతాది."

పడదని చూపించాలని తెర లాక్కుంది. కొత్తబట్టల గంజి వాసన మధ్యలో... మరువం వాసన. చెయ్యి దూర్చింది. దూరింది. హుక్కులన్నీ పడినాయి... ఆమె వేళ్ళు ముట్టుకోకముందే.

తెర అవతల గుసగుస. "పంకజా... అయిందా?"

వరదమ్మ నోరు తెరవలేదు. అద్దంలో మనిషి తెరిచింది. "వస్తా ఉండా, మామా."

ఆయన్ని మామా అని పిలిచింది అక్కకూతురు పంకజాక్షి ఒక్కతే.

గదిలోంచి ఒక ఆడమనిషి బయటికి పోయింది. వరదమ్మ చీరే, వరదమ్మ జడే. నడక వేరే. వెంటపడబోయింది వరదమ్మ... ముఖానికి చల్లటి గాజు తగిలింది. ఎటు తడిమినా గాజే. అరచేతులతో బాదింది.

"ఏమయ్యా! నేనీడ ఉండా! నన్నిడిసిపెట్టి యాడికి పోతావు?"

ఆదికేశవులు ఆగినాడు. వెనక్కి తిరిగి, నేరుగా అద్దంలోకి, ఆమె కండ్లలోకి చూసినాడు.

తెర మూసేసి పోయినాడు.