లోహం అంటుకున్న మధ్యాహ్నం

"మన ఏజెంటుని ల్యాబ్‌లోనే చంపారు. ప్రమాదంలా కనిపించేటట్టు," అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ. "పని విదేశీ ముఠాది. తరవాతి టార్గెట్ ఆ ల్యాబ్ నడిపే ప్రొఫెసరే. లోపల వాళ్ల మనిషి ఎవరో తేల్చు."

అలా ఈ కొత్త ఏజెంట్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు సర్వీసు చేసే మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ప్రెషర్ గేజ్‌లో కెమెరా, టూల్‌బాక్స్ అడుగున పిస్టల్.

అక్కడి కెమిస్ట్, ఒక యువతి, చీఫ్‌కి రహస్యంగా సమాచారం అందించే మనిషి. కోడ్‌వర్డ్ చెప్పి ఆమెతో పరిచయం చేసుకున్నాడు. ఆమె నవ్విందంటే ఆ పూట అతని చేతిలో స్పానర్ నిలిచేది కాదు. ఏ మంటకి ఏ సిలిండరో నేర్పమని తనే అడిగింది. కాగితం, కర్ర అంటుకుంటే నీళ్లు, సాల్వెంట్ల లాంటి మండే ద్రవాలకి ఫోమ్, కరెంటు పరికరాలకి కార్బన్ డయాక్సైడ్, మెగ్నీషియం లాంటి లోహాలకి మాత్రం పసుపు పట్టీ ఉన్న డ్రై పౌడర్, అదీ లేకపోతే పొడి ఇసుక. లోహపు మంటకి నీళ్లు తగిలితే పేలిపోతుందని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఈ ఉద్యోగం మానేసి ఎక్కడైనా ఇల్లు చూసుకుందామనీ చెప్పాడు. ఆమె కాదనలేదు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం మెగ్నీషియం పొడి తెల్లగా భగ్గుమంది. బల్ల అవతల ప్రొఫెసర్ చిక్కుకుపోయాడు. ఏజెంట్ పసుపు పట్టీ సిలిండర్ అందుకుని పిన్ను లాగాడు.

"అది కొట్టకు." తలుపు దగ్గర ఆమె. "అందులో నీళ్లున్నాయి."

అతని వేళ్లు హ్యాండిల్ మీదే ఆగిపోయాయి. నిన్న చూసినప్పుడు గేజ్ సరిగ్గానే ఉంది. లోపలున్నదేమిటో నింపినవాళ్లకి తప్ప తెలిసే వీల్లేదు.

సిలిండర్ వదిలేసి, ఇసుక బకెట్ ఎత్తి మంట మీద మెల్లగా కప్పాడు. రెండో బకెట్‌కి వెలుగు చచ్చింది. ప్రొఫెసర్ దగ్గుతూ బయటికొచ్చాడు.

ఆమె పారిపోలేదు. "ఇవాళ నువ్వు రావనుకునే చేశాను," అంది.

"చచ్చిపోయిన మావాడి సంగతి?"

ఆమె తల దించుకుని, చేతులు తనే ముందుకు చాపింది. సంకెళ్లకి తాళం వెయ్యడం ఎన్నేళ్లుగానో చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం తాళంచెవి రెండుసార్లు చెయ్యి జారింది.

సాయంత్రం చీఫ్ భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఆ సిలిండర్ సంగతి అంత చప్పున ఎలా పసిగట్టావని అడిగాడు.

"నేనేం పసిగట్టలేదు సార్. ఆమె చెప్పింది, నమ్మాను," అన్నాడతను. "మూడు నెలల అలవాటు."