ఏడుసార్లు తప్పు కోడ్

"లోపల పాలు పొంగిపోతున్నాయండీ! తొందరగా తియ్యండి!"

మూడో అంతస్తు వరండాలో భవాని ఖాళీ చెత్తబుట్ట పట్టుకుని గంతులు వేస్తోంది. చెత్త ఇచ్చి వచ్చేలోగా ఫ్లాట్ తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయింది. ఎదురు ఫ్లాట్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో కూర్చున్న కుర్రాడు తీరిగ్గా లేచి వచ్చాడు.

"మీ కోడ్ ఏటండీ?"

"ఇంకా పెట్టుకోలేదు."

"పోనీ, వేలిముద్ర?"

"రేపు పెట్టుకుందామనుకున్నాను."

"అయితే పాలని కూడా రేపే పొంగమనాల్సింది."

భవాని చూసిన చూపుకి అతను గబగబా, లాకులు పరీక్షించడానికి వాడే తన టెస్ట్ కోడ్ ఏదో నొక్కాడు. తలుపు తెరుచుకుంది. అప్పటికే సగం పాలు స్టవ్ పాలయ్యాయి.

అతని పేరు జెఫ్రీ. మలంచా రోడ్డులో కొత్తగా కట్టిన ఆ అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లకీ స్మార్ట్ లాకులే. వాటిని బిగించడానికీ, మొరాయిస్తే చూడడానికీ అతన్ని పెట్టారు. రోజూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటాడు. ఇల్లు ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో. తండ్రి లేడు. తల్లి ఆలిస్, తను.

భవానీ వాళ్ళు కూడా మొన్నటిదాకా అక్కడివాళ్ళే. తండ్రి మోహనకృష్ణ లోకో పైలట్. చక్రధర్‌పూర్‌కి ట్రాన్స్‌ఫర్ కావడంతో క్వార్టర్ అప్పగించి, ఈ ఫ్లాట్ కొని, భార్యతో వెళ్ళిపోయాడు. స్కూల్లో లెక్కలు చెప్పే భవానీ, తాత నూకరాజూ ఇక్కడ మిగిలారు.

"నాన్నా, ఆ కొత్త తలుపుతో నీకు కుదరకపోతే చెప్పీ. వచ్చి తీసుకుపోతాను," అన్నాడు మోహనకృష్ణ వెళ్ళేముందు.

నూకరాజుకి ఆ మాట ముల్లులా దిగింది. పదహారో ఏట శ్రీకాకుళం వైపునుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరినవాడు ఆయన. భార్యని కాటికి సాగనంపింది కూడా ఈ ఊళ్ళోనే. పొద్దున్నే ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి నడిచి వెళ్ళి, పాత స్నేహితులతో టీ తాగి వస్తేగాని ఆయనకి రోజు కదలదు.

మర్నాడు జెఫ్రీ ఆయన వేలిముద్రలు ఎక్కించడానికి వచ్చాడు. బొటనవేలు పెడితే ఎర్రలైటు. చూపుడువేలు పెట్టినా ఎర్రలైటే. పదివేళ్ళూ అయిపోయాయి.

"నలభయ్యేళ్ళు ఆకురాయితో ఇనుము రాకినాను బాబూ. గీతలింకేటి ఉంటాయి?" అంటూ నూకరాజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

జెఫ్రీ నవ్వలేదు. ఆ చేతులు మళ్ళీ ముందుకు తీసుకున్నాడు. "మా డాడీ వేళ్ళూ ఇలాగే ఉండేవి తాతా. నీకు కోడ్ పెడతాను, ఉండు," అన్నాడు.

స్టవ్ తుడిచిన కోపం ఇంకా తగ్గని భవాని అప్పుడు అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది.

అక్కణ్ణుంచి ఆ లాకుకి తరచూ జబ్బు చేసేది. సౌండ్ ఎక్కువైందని ఒకసారి, సౌండ్ రావడం లేదని ఒకసారి భవాని ఫోన్ చేసేది.

"నిజం చెప్పండి మేడమ్. పాడైంది తలుపేనా?" అనేవాడు జెఫ్రీ, బాగానే ఉన్న లాకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"యాప్‌లో మీకు ఒక్క స్టారే ఇస్తాను, జాగ్రత్త!"

"ఇవ్వండి. మీరిచ్చింది ఒక్కటైనా చాలు."

తలుపు వేసేసి, దాని వెనక నిలబడి నవ్వుకునేది.

ఆషాఢం మొదట్లో ఒక గురువారం, స్కూల్లో లంచ్ టైమప్పుడు, బ్యాటరీ ఎంతుందో చూద్దామని భవాని యాప్ తెరిచింది. హిస్టరీ చూసి ఉలిక్కిపడింది. పదకొండున్నరకి, పదకొండూ నలభైకి, పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువకి... టెస్ట్ కోడ్‌తో రోజూ ఎవరో తలుపు తీస్తున్నారు. మూడు వారాలుగా, తను స్కూల్లో ఉన్నప్పుడే. ఆ కోడ్ జెఫ్రీకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

సాయంత్రం అతన్ని కిందికి పిలిపించింది.

"తీస్తున్నది మీరేనా?"

జెఫ్రీ తల దించుకున్నాడు. "నేనేనండీ."

"ఎందుకు?"

"చెప్పకూడదు. మాటిచ్చినాను."

"ఎవరికి?"

"అదీ చెప్పకూడదు. మిమ్మల్ని అడక్కుండా ఆ కోడ్ వాడినాను, అది మాత్రం నా తప్పే. తిట్టండి, పడతాను."

 నమ్మినందుకు భవానికి తనమీద తనకే కోపం వచ్చింది. అతని ఎదుటే ఆ కోడ్ తీసేసింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీతో చెప్పింది. మర్నాటినుంచి జెఫ్రీని రావద్దన్నారు. తాత బాధపడతాడని ఆయనకి ఏమీ చెప్పలేదు.

శుక్రవారం పదిగంటలనుంచీ ఒకటే వాన. నాలుగింటికి భవాని ఇంటికొచ్చేసరికి తాత లేడు. పొద్దున సర్దిన మంచం సర్దినట్టే ఉంది. గొడుగు కొక్కేనికే వేలాడుతోంది. ఎన్నింటికి వెళ్ళాడో చూద్దామని యాప్ తెరిచింది.

పదకొండూ యాభై రెండు. తప్పు కోడ్.

పదకొండూ యాభై మూడు. తప్పు కోడ్.

తర్వాత వేలిముద్ర గుర్తించలేదని ఒక వరస. మళ్ళీ తప్పు కోడ్. మళ్ళీ. ఏడోసారి కూడా తప్పయ్యాక లాక్ తనంతట తనే కాసేపు బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

భవాని వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. తడిసిన బట్టలతో ఈ తలుపు ముందు నిలబడి, అరిగిపోయిన వేళ్ళని మార్చి మార్చి పెడుతున్న తాత కళ్ళకి కట్టాడు. ఇన్నాళ్ళూ రోజూ ఈ తలుపు ఎవరికోసం తెరుచుకుందో అర్థమైంది.

తాతని దాదు అని పిలిచే పక్క ఫ్లాట్ బెంగాలీ ఆవిడ తల బయటపెట్టి, దాదు మధ్యాహ్నమే వానలో దిగి వెళ్ళిపోయాడని, ఆగమన్నా ఆగలేదని చెప్పింది.

భవాని ఆటో ఎక్కి ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి పరుగెత్తింది. టీకొట్టు మూసి ఉంది. ఇంక మిగిలింది ఒక్క ఇల్లే. ఆ గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి నూకరాజు జెఫ్రీ చొక్కా తొడుక్కుని మంచంమీద కూర్చున్నాడు. ఆలిస్ తువ్వాలుతో ఆయన తల తుడుస్తోంది. జెఫ్రీ వంటింట్లోంచి టీ తెస్తున్నాడు.

"ఎందుకు దాచినావు తాతా?" భవాని ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేసింది.

"కోడ్ గుర్తుండట్నేదమ్మా. మెట్లమీద కూకుంటే ఈ బాబు సూసి తలుపు తీసినాడు. మీ నాయనకి తెలిస్తే నన్నీ ఊర్నుంచి తీసుకుపోతాడు గదా? ఎవులికీ సెప్పొద్దని రోజూ ఒట్టేయించుకున్నాను. ఈడి పనికే ఎసరొస్తాదని నాకేటి తెలుసు?"

భవాని లేచి జెఫ్రీ ముందు నిలబడింది. "ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదా. మిమ్మల్ని దొంగలా చూసినాను."

"చెప్తే తాత ఊరు వదలాలి. చెప్పకపోతే మీరు నన్ను తిడతారు. తిట్లే నయమనిపించింది."

శనివారం భవాని సెక్రటరీ దగ్గరికి వెళ్ళి, పదిమంది ఎదుట తన పొరపాటు ఒప్పుకుంది. అడక్కుండా కోడ్ వాడొద్దని జెఫ్రీని ఆయన కాస్త మందలించి, మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. తండ్రికి కూడా ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పేసి, తాళం మార్చేస్తాను, తాతని ఇక్కడే ఉండనివ్వమని ఒప్పించింది. మధ్యాహ్నం గోల్‌బజార్ వెళ్ళి మామూలు తాళం ఒకటి కొనుక్కొచ్చి జెఫ్రీ చేతిలో పెట్టింది.

"స్మార్ట్ లాకులవాడి చేతే స్మార్ట్ లాక్ పీకిస్తున్నారు. బాగుంది," అంటూ అతను తలుపు దగ్గర కూర్చున్నాడు.

"ఇకమీదట కంప్లెయింట్ చెయ్యడానికి ఏమీ ఉండదు," అంది భవాని నెమ్మదిగా.

స్క్రూ తిప్పుతున్న చెయ్యి ఆగింది. "మరి నేను ఏం సాకు పెట్టుకుని రావాలి?"

"సాకెందుకు? నాకోసం రండి."

వరండాలోకి వానజల్లు కొడుతోంది. బిగిసిపోయిన స్క్రూనే జెఫ్రీ చాలాసేపు బిగిస్తూ ఉండిపోయాడు. తర్వాత అన్నాడు: "మొదటిరోజునుంచీ నేను మీకోసమే వస్తున్నాను. తాతకి తలుపు తీసేది కూడా అందుకేనా అని నన్ను నేనే అడుక్కున్నాను. కాదు భవానీ. మీరు ఈ ఇంట్లో లేకపోయినా తాతకి తీసేవాణ్ణి. కానీ మీరు లేకపోతే, తీశాక అలా నిలబడి మీ చెప్పులూ గొడుగూ చూసేవాణ్ణి కాదు."

భవానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అతని పక్కనే నేలమీద కూర్చుని, స్క్రూలు ఒక్కొక్కటీ అందించింది.

పై ఆదివారం మోహనకృష్ణ భార్యతో వచ్చాడు. చర్చి అయ్యాక ఆలిస్ కొడుకుని తీసుకుని వచ్చింది. జెఫ్రీని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నానని భవాని దాచకుండా చెప్పింది. మోహనకృష్ణ తండ్రిని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"మంచివాడే నాన్నా. కాదనను. కానీ వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. మన చుట్టాలు ఏటనుకుంటారు?"

నూకరాజు గొంతు తగ్గించలేదు. హాల్లో అందరికీ వినిపించింది. "ఒరే మోహనా! ఆ రోజు నాను వానలో తడిసి ఆళ్ళింటికెల్లినాను. పనిలోంచి తీయించింది మన పిల్లే అని ఆళ్ళకి తెలుసు. అయినా ఆ తల్లి నా తల తుడిసింది. నువ్వు ఏ దేవుడికి దండమెడతావని అడగనేదు. నువ్వడుగుతావేటి?"

 హాల్లో ఆలిస్ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలచూపులు చూస్తోంది. 

మోహనకృష్ణ బయటికి వచ్చాడు. ఆలిస్‌కి నమస్కారం పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. "భోజనం చేసి వెళ్ళండమ్మా," అన్నాడు. గొంతు సవరించుకుని, "ఆషాఢం వెళ్ళనివ్వండి. మాట్లాడుకుందాం," అన్నాడు.

అందరూ భోజనాలకి లేస్తుంటే జెఫ్రీ భవాని పక్కకి జరిగాడు. ముఖం పాలిపోయి ఉంది.

"వెళ్ళనివ్వండి అంటే ఏటి? అవునా, కాదా?"

"మా ఇళ్ళల్లో అలాగంటే అవుననే."

"ఆ ఆషాఢం ఎప్పుడెళ్తుంది?"

"ఇంకా పదకొండు రోజులుంది," అంది భవాని, లెక్కపెట్టుకోకుండానే.