టెస్కీ మూల దగ్గర కుడి ఇండికేటర్

టెస్కీ మూల మీదుగా చీకటి పడ్డాక వెళ్ళాలంటే మా ఊళ్ళో మొనగాళ్ళు కూడా జంకుతారు. ఎలుగుబంటి ఎదురైతే ఆగి ఫొటో తీసుకునే రకాలు... ఆ నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చేసరికి రేడియో కట్టేసి, నోరు మూసుకుని పోతారు.

అక్కడ ఏముందయ్యా అంటే, ఏమీ లేదు. నాలుగు స్టాప్ బోర్డులు, కోసేసిన మొక్కజొన్న చేలు, మూతపడిన ఒక బారు. కానీ చలికాలం సాయంత్రాలు, పొద్దు గూకగానే... ఓ పాత పికప్ బండి స్టాప్ దగ్గర ఆగి ఉంటుంది. కుడి ఇండికేటర్ వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది. ఎంతసేపు చూసినా ఆ బండి మాత్రం తిరగదు.

అది మెర్ల్ టెస్కీ బండి. మెర్ల్ చచ్చిపోయి చాలా ఏళ్ళయింది.

మా చీజ్ ఫ్యాక్టరీలోనే చేసేవాడు. తాగి బండి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నాడు. అలాంటివాళ్ళకి మా కోర్టు జాలిపడి ‘పని లైసెన్సు’ అని ఒకటి ఇస్తుంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. వాళ్ళు చెప్పిన దారి, వాళ్ళు చెప్పిన వేళ. తప్పితే జైలు. పంజరానికి చక్రాలు బిగించి ఇచ్చినట్టే అనుకోండి.

ఓ సాయంత్రం మెర్ల్ ఇంటికి వెళ్తుంటే, పక్కసీట్లో ఉన్న భార్య ఆర్డిస్ గుండె పట్టుకుంది. ఆ మూల దగ్గర కుడికి తిరిగితే ఆసుపత్రి. నేరుగా పోతే ఇల్లు. మెర్ల్ ఇండికేటర్ వేశాడు... తిరగలేకపోయాడు. నేరుగా ఇంటికెళ్ళి అంబులెన్సుకి ఫోను చేశాడు. అది వచ్చేసరికి ఆర్డిస్ లేదు. ఇండికేటర్ వేశాను కదా, ఎందుకు తిరగలేదని తలుచుకుని తలుచుకుని ఏడ్చి, ఆ చలికాలంలోనే తనూ పోయాడు.

ఇక నేను చెప్పబోయేది డ్వేన్ స్కోగ్‌కి జరిగింది. నా పక్క మెషీన్ మీద చేస్తాడు. ఇది వాడి నోటే విన్నాను.

డ్వేన్‌దీ పని లైసెన్సే, దారీ అదే. డెప్యూటీ క్రేమర్ అని మా పోలీసాయన ఆ మూసేసిన బారు నీడలో కారు ఆపుకుని కాపు కాస్తుంటాడు. “ఒక్క చక్రం అటు పడిందా, లోపలేస్తా” అని కనిపించినప్పుడల్లా ఎత్తిపొడుపు. లైసెన్సు పోతే పని పోతుంది. పని పోతే తొమ్మిదేళ్ళ కూతురు ఐవీని ఇక పంపనని, విడిపోయిన భార్య కార్లా తెగేసి చెప్పింది. వాడి బతుకులో మిగిలింది ఆ పిల్ల వచ్చే శుక్రవారాలే.

ఆ శుక్రవారం కార్లా ఐవీని ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపి వెళ్ళింది. అప్పటికే చీకటి.

“నాన్నా, వేయించిన చేపలు తిందామా?”

“మన దారిలో చేపల్లేవమ్మా. ఇంట్లో గుడ్లున్నాయి.”

“ఛీ... నీ దారంత బోరు దారి ఇంకెక్కడా లేదు.”

నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు... ఆగలేదు. పిల్లకి ఉబ్బసం ఉంది. ఇన్హేలర్ వాళ్ళమ్మ కార్లోనే ఉండిపోయింది. ఫోను చూస్తే సిగ్నల్ లేదు.

“ఇంట్లో ఇంకోటుంది తల్లీ, సొరుగులో. వచ్చేశాం... వచ్చేశాం...”

ఇల్లెంత దూరమో ఆసుపత్రీ అంతే దూరం. నేరుగా పోతే మందూ దొరుకుతుంది, లైసెన్సూ మిగులుతుంది. డ్వేన్ యాక్సిలరేటర్ తొక్కాడు.

టెస్కీ మూల.

పికప్ ఉంది. కానీ రోజూ నిలబడే చోట కాదు... నాలుగు రోడ్ల మధ్యన, నేరుగా పోయే దారికి అడ్డంగా. కుడి ఇండికేటర్ వెలుగుతోంది, ఆరుతోంది.

డ్వేన్ హారన్ కొట్టాడు. కదల్లేదు. ఎడమవైపు మంచు గోడలా పేరుకుని ఉంది. మళ్ళీ కొట్టాడు... చెయ్యి తియ్యకుండా కొట్టాడు. బారు నీడలో క్రేమర్ కారు కనిపిస్తోంది. కుడివైపు రోడ్డొక్కటే ఖాళీ.

ఐవీ పెదాలు నీలం తిరుగుతున్నాయి.

అప్పుడు ఆ పికప్ అద్దం మెల్లగా కిందికి దిగింది. ఒక చెయ్యి బయటికొచ్చింది. మావాళ్ళు నాలుగు రోడ్ల దగ్గర ‘ముందు మీరు’ అని చెయ్యి ఊపుతారు చూడండి, అచ్చం అలాగే... కుడివైపుకి ఊపింది.

“నాన్నా...” ఐవీ గొంతు గాలిలా ఉంది. “ఆ తాత... వెళ్ళమంటున్నాడు...”

డ్వేన్ స్టీరింగ్ కుడికి తిప్పేశాడు.

మరుక్షణం వెనక ఎరుపూ నీలం లైట్లు వెలిగాయి. పనీ పోయింది, పిల్లా పోయింది అనుకున్నాడు. అయినా బండి ఆపలేదు.

ఆసుపత్రిలో ఐవీకి మాస్కు పెట్టారు. చాలాసేపటికి పిల్ల ఊపిరి కుదుటపడింది. డ్వేన్ వరండాలో కూలబడ్డాడు. క్రేమర్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“పట్టుకుపొండి సార్. ఒక్కసారి పిల్లకి చెప్పి వస్తాను.”

“ఎవడు పట్టుకుపోతాడోయ్ నిన్ను? ప్రాణం మీదికొచ్చి ఆసుపత్రికి పోతే ఏ జడ్జీ కాదనడు.” క్రేమర్ గొంతు తగ్గింది. “ఆ మాట మెర్ల్‌కి చెప్పలేదు నేను. ఒక్క చక్రం అటు పడితే... అని మాత్రం చెప్పాను.”

డ్వేన్ తలెత్తి చూశాడు.

“మరి రోడ్డుకి అడ్డంగా నిలబెట్టిన ఆ బండిని ఏమీ అనరేం సార్?”

“నీ ముందు ఏ బండీ లేదు డ్వేన్. ఖాళీ రోడ్డు మీద హారన్ కొడుతున్నావు. మళ్ళీ తాగావనుకునే వెంటపడ్డాను.” క్రేమర్ టోపీని అటూ ఇటూ తిప్పాడు. “కానీ... నువ్వు తిరిగాక నీ వెనకే ఇంకోటి తిరిగింది. పాత పికప్. ఆసుపత్రి గేటు దాకా నాకు దారివ్వలేదు.”

మర్నాడు డ్వేన్ ఇంటికెళ్ళి సొరుగులోంచి ఆ రెండో ఇన్హేలర్ తీసి నొక్కి చూశాడు. ఖాళీ. ఎప్పుడు అయిపోయిందో ఏమో.

ఆ తర్వాత టెస్కీ మూల దగ్గర ఆ ఇండికేటర్ మళ్ళీ ఎవరికీ కనబడలేదు. హమ్మయ్య అనుకున్నాం.

కానీ మా అక్క ఆ ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ గుమ్మం ఎదుటి బల్ల దగ్గరే కూర్చుంటుంది. చలికాలం సాయంత్రాలు, పొద్దు గూకగానే, ఆ తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయట. చూస్తే మనిషి ఉండడు. నేల మీద మాత్రం మంచు అంటిన అడుగులు... రెండు జతలు, పక్కపక్కనే.