గంట కొట్టినోడి మిరపకాయలు

జయరావు సంతోషకుమారికి కన్ను కొట్టలేదు. ఈ సంగతి ఈదులపాడు మొత్తమ్మీద ముగ్గురికే తెలుసు. జయరావుకి, వాళ్లమ్మ వీరమ్మకి, ఆ కంట్లో పడ్డ మిరపగింజకి.

అది ఎనభై ఆరో సంవత్సరం, మార్చి నెల. ఆ నెలలో ఈదులపాడులో నేల కనపడదు. పర్చూరు రోడ్డు మొదలుకుని చర్చి వెనకదాకా కల్లాలే. ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే. బస్సు దిగినవాడు ఎంత గొప్పవాడైనా సరే, మూడు తుమ్ములు తుమ్మి ఊళ్లోకి అడుగు పెట్టాల్సిందే.

జక్రయ్య మాస్టారు బాపట్లలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి, రిటైరై, ఆ ఏడే సొంతూరికి వచ్చాడు. ఆయన కూతురు సంతోషకుమారి గుంటూరులో టీచర్ ట్రైనింగు ముగించుకుని, నీలం సూట్‌కేసు పట్టుకుని, ఆ ఊళ్లో మొదటిసారి బస్సు దిగింది. రెండు తుమ్ములు తుమ్మింది. మూడోది వస్తుండగా, కల్లంలో తాలుకాయలు ఏరుతున్న జయరావు తలెత్తి చూశాడు. చూసినవాడు చూసి ఊరుకోవచ్చుగా! నమ్మలేనట్టు చేత్తో కన్ను నలుపుకున్నాడు.

మిరపకాయల చెయ్యి అది. ఎడమ కన్ను మూసుకుంది, తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. కుడి కన్ను మాత్రం ఆ పిల్లమీదనుంచి కదల్లేదు. దానికి మిరపకాయతో సంబంధం లేదు.

"ఏమండీ, కన్నెందుకు కొడుతున్నారు?" అంది సంతోషకుమారి, సూట్‌కేసు కింద పెట్టి.

"కొట్టట్లేదండీ. మండుతోందండీ."

"నన్ను చూస్తేనా?"

"అవునండీ. అబ్బే, కాదండీ. అంటే, మిమ్మల్ని చూశాకే మండిందండీ."

"మీకు అక్కచెల్లెళ్లు లేరా?"

"లేరండీ. మా అమ్మకి నేనొక్కణ్ణే."

ఆపుకున్న మూడో తుమ్ము తుమ్మి, విసురుగా వెళ్లిపోయింది సంతోషకుమారి. జయరావు కన్ను సాయంత్రానికి బూరెలా వాచింది. ఊళ్లో కథ అంతకన్నా వాచింది.

"ఒరేయ్, మాస్టారు చర్చి సంఘ పెద్ద. నువ్వేమో ఊరికి కావలివాడివి. పోయి క్షమాపణ చెప్పుకునిరా," అని వీరమ్మ కొడుకుని తరిమింది.

కావలివాడంటే కల్లాల కావలి. దొంగలకి కాదు, వానకి. మార్చిలో వచ్చే వాన చెప్పి రాదు. ఒక్క జల్లు పడితే ఆరబోసిన కాయ నల్లబడి, ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. అందుకని ప్రతి ఏడూ ఊరంతా కలిసి ఒక మనిషిని చర్చి దగ్గర కూర్చోబెడతారు. మబ్బు కనపడగానే వాడు గంట గోపురం ఎక్కి గంట కొట్టాలి. గంట తాడు కిందికి రాదు, ముప్ఫై రెండు మెట్లెక్కి కొట్టాల్సిందే. గంట మోగిందంటే ఊళ్లో ఉన్నవాళ్లు, దారిన పోయేవాళ్లు, ఎవరైనా సరే, దగ్గరున్న కల్లానికి పరిగెత్తి టార్పాలిన్ పట్టా పట్టాలి. తన కల్లమా పరాయి కల్లమా అని చూడకూడదు. వాన వెలిసేదాకా గంట ఆపకూడదు, లేకపోతే దూరపు పొలాల్లో ఉన్నవాళ్లకి వినపడదు. ఇందులో నష్టపోయేవాడు ఒక్కడే, గంట వదిలి తన కల్లానికి పోలేనివాడు. అందుకే ఈదులపాడులో సామెత పుట్టింది, గంట కొట్టినోడి మిరపకాయలే తడుస్తాయి అని.

ఆ ఏడు కావలి జయరావుకి వచ్చింది. బి.ఏ.లో అన్ని పేపర్లూ పాసై ఇంగ్లీషు ఒక్కటే తప్పినవాడికి అంతకన్నా పనేముంటుందని పెద్దల ఉద్దేశం.

జక్రయ్య మాస్టారు వరండాలో దిండంత డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జయరావు ఒంటికన్నుతో నిలబడి, "వందనాలండీ మాస్టారూ, అది మిరపకాయండీ," అన్నాడు.

"కంటినే కాచుకోలేనివాడివి, కల్లాలేం కాస్తావురా? కావలివాడన్నాక ఎలర్ట్‌గా ఉండొద్దూ?"

"ఉంటున్నానండీ."

"ఎలర్ట్ అంటే ఏంటో తెలుసా?"

"నిద్రపోకుండా ఉండటమండీ."

"దాని పుట్టిల్లేది?"

జయరావు తెల్లబోయాడు. మాస్టారికి ఇదొక పిచ్చి. పెళ్లిసంబంధం వస్తే ఇంటిపేరూ ఊరూ అడుగుతామే, మాటకెందుకు అడగకూడదు అంటాడు. పుట్టుపూర్వోత్తరాలు తెలియని మాటని నోట్లోకి రానివ్వడు.

"ఇంగ్లండండీ."

"కాదు."

"పోనీ, లండనండీ."

లోపల గదిలోంచి కిసుక్కున నవ్వు వినపడింది. మాస్టారు డిక్షనరీ టపీమని మూశాడు. "తెలుసుకునిరా పో. అప్పుడు మాట్లాడదాం," అన్నాడు.

ఆ నవ్వు జయరావు చెవిలో పడిపోయింది. వాపు తగ్గాక కూడా అది తగ్గలేదు. ఆ పిల్ల ఇంకోసారి అలా నవ్వితే బాగుండునని, ఈసారి తన ఎదురుగా నవ్వితే ఇంకా బాగుండునని వాడి కోరిక. ఆ కోరిక మూడ్రోజులు వాణ్ణి అన్నం తిననివ్వలేదు. నాలుగోరోజు వీరమ్మ గోంగూర పచ్చడి చేసింది కాబట్టి తిన్నాడు.

ఆ నాలుగోరోజే సంతోషకుమారి కల్లం గట్టు మీదుగా వచ్చింది.

"మిరపకాయ నిజంగా అంత మండుతుందా?" అంటూ వంగి ఓ కాయ తీసింది. తొడిమ తుంచింది. గింజలు అరచేతిలో పోసుకుని చూసింది. అంతలో గాలికి జుట్టు మొహమ్మీద పడితే అదే చేత్తో తోసుకుంది.

ఇంకేముంది? "అమ్మో!" అని కెవ్వుమంది. ఒక కన్ను మూసుకుంది, తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది.

జయరావు పరుగున చెంబుతో నీళ్లు తెచ్చాడు. "నేనెవరికీ చెప్పనండీ," అన్నాడు.

"ఏంటి?"

"మీరు నాకు కన్ను కొట్టారని."

ఆ పిల్లకి మంటా నవ్వూ కలిసి వచ్చాయి. కళ్లు తుడుచుకుంటూ గట్టుమీద కూలబడి నవ్వింది. జయరావు కోరిక తీరింది. తీరిన కోరిక ఊరుకుంటుందా, ఇంకో పెద్ద కోరికని పట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టింది.

"మా నాన్న అడిగినదానికి జవాబు దొరికిందా?" అంది.

"పర్చూరులో అడిగానండీ. ఎరువుల కొట్టాయన అమెరికా అన్నాడు."

"ఇటలీ. పూర్వం అక్కడ కోట కాసే సిపాయిలుండేవాళ్లు. వాళ్ల భాషలో ఎర్తా అంటే ఎత్తు, నిటారుగా పైకెక్కే చోటు. శత్రువు వస్తున్నాడని అనుమానం రాగానే 'అల్ ఎర్తా!' అని అరిచేవాళ్లు. ఎత్తుమీదకి ఎక్కండ్రా, చూడండ్రా అని. అది ఫ్రెంచివాళ్ల దగ్గరికెళ్లి అరిగింది, ఇంగ్లీషువాళ్ల దగ్గరికొచ్చి ఎలర్ట్ అయింది. ఇప్పుడు మెలకువగా ఉన్నవాడికీ అదే మాట, మెలకువ చెప్పటానికీ అదే మాట, చెప్పిన హెచ్చరికకీ అదే మాట."

"అంటే మంచె ఎక్కమనేగా?"

"అంతే."

"ఈ మాత్రానికి ఇటలీ దాకా ఎందుకండీ? జొన్నచేలో పిట్టలు పడితే మా అమ్మ రోజూ అంటది."

"అంటారు సరే, మీరు ఎక్కారా? గోపురం నీడలో కూర్చుని ఆకాశం చూస్తే మీకు కనపడేది ఇంటికప్పంత. కళ్లు తెరుచుకుంటే చాలదండీ, ఎక్కాలి."

జయరావు ఆ మాట చొక్కా జేబులో పెట్టుకున్నట్టు జాగ్రత్తగా పెట్టుకున్నాడు. సాయంత్రం తలదువ్వుకుని మాస్టారి వరండాలో నిలబడి, ఇటలీతో మొదలుపెట్టి మంచెదాకా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "శభాష్! ఎవర్రా చెప్పింది?"

ఇక్కడ ఏ తెలివైనవాడైనా పర్చూరు లైబ్రరీ అంటాడు. మనవాడు, "సంతోషకుమారిగారండీ," అన్నాడు.

వెలిగిన మొహం ఆరిపోయింది. "ఎక్కడ చెప్పింది?"

"కల్లంలోనండీ. గట్టుమీద కూర్చుని."

నలభై మార్కులకి రాసి నాలుగొందల మార్కుల తప్పు చేశాడు. మర్నాటికల్లా మాస్టారు వేటపాలెంలో ఉన్న చెల్లెలు రెబ్కాకి ఉత్తరం రాసేశాడు. అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఒకడున్నాడు. శనివారం పిల్లని తీసుకొస్తా, ఆదివారం ఆరాధనయ్యాక అబ్బాయివాళ్లు చూసుకుంటారు, నచ్చితే అక్కడే మాట ఖాయం అని.

శుక్రవారం సంతోషకుమారి గట్టు దగ్గర ఆగింది. ఈసారి నవ్వలేదు.

"రేపు మూడింటి బస్సు. నాన్న మాటిచ్చేశాక వెనక్కి తీసుకోరు. ఎవరైనా ఏదైనా చెప్పాలనుకుంటే ఆలోపే చెప్పాలి."

"ఎవరండీ?"

"ఎవరైనా సరే," అని కోపంగా చూసి వెళ్లిపోయింది.

ఆ రాత్రి జయరావు అద్దం ముందు నిలబడి చెప్పాల్సిన మాట పదిహేడుసార్లు వల్లించాడు. 'మీరంటే నాకిష్టమండీ. సూపర్‌వైజరుని చేసుకోకండి.' అంతే మాట. మూడుకి పావు తక్కువకి బస్‌స్టాపు దగ్గర చెప్పెయ్యాలి.

శనివారం వీరమ్మ పనిమీద పర్చూరు వెళ్లింది. జయరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చి దగ్గరికొచ్చాడు. రెండూ నలభై. కింద నిలబడి చూస్తే ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. ఇంక బయల్దేరదామనుకున్నాడు. కానీ 'ఎక్కాలి' అన్న గొంతు గుర్తొచ్చింది. ఎలాగూ ఆ గొంతు దగ్గరికేగా పోతున్నది, దాని మాట విని పోదామని ముప్ఫై రెండు మెట్లూ ఎక్కాడు.

పైనుంచి రెండు కనపడ్డాయి.

తూర్పున బస్‌స్టాపులో నీలం సూట్‌కేసు, దాని పక్కన సంతోషకుమారి, గొడుగు పట్టుకుని మాస్టారు. దూరంగా రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చేస్తోంది.

పడమర, చీమకుర్తి వైపునుంచి, చెట్లకు పైన నల్లటి గీత. జయరావు చూస్తుండగానే గీత గోడైంది.

దిగి పరిగెత్తితే బస్సు అందుతుంది. కానీ అప్పుడు ఊరు తడుస్తుంది. గంట కొడితే ఊరు మిగులుతుంది, బస్సు పోతుంది, ఆ పిల్ల పోతుంది, పైగా అమ్మ ఇంట్లో లేదు కాబట్టి తన అరెకరం పంటా పోతుంది. కుడితిలో పడ్డ ఎలుకైనా అంత కొట్టుకోదు. జయరావుకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గంట తాడు పట్టుకున్నాడు.

ఠంగ్! మీరంటే. ఠంగ్! నాకిష్టమండీ. ఠంగ్! సూపర్‌వైజరుని. ఠంగ్! చేసుకోకండి.

అద్దం ముందు పదిహేడుసార్లన్న మాట గోపురం మీద నూరుసార్లు అరిచాడు. గంట మోతలో అది వాడికే వినపడలేదు. కిందనుంచి కేకలు, పరుగులు, పట్టాల చప్పుడు. అంతలో వాన వచ్చి మీద పడింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు. అరగంటసేపు కొడుతూనే ఉన్నాడు.

వాన ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోయింది. ఊళ్లో పట్టాలన్నీ మెరుస్తున్నాయి. బస్‌స్టాపులో ఎవరూ లేరు.

జయరావు కాళ్లీడ్చుకుంటూ దిగాడు. తన కల్లం ఊరికి చివర, రోడ్డు పక్కన, గోపురానికి కనపడకుండా చెట్ల చాటున. వెళ్లి ఎర్రటి బురద చూసుకోవాలి, అమ్మకి సమాధానం చెప్పుకోవాలి. తలొంచుకుని నడిచి, మలుపు తిరిగి, తలెత్తాడు.

రోడ్డుమీద చీరాల బస్సు ఆగి ఉంది. డ్రైవరు సుభానీ, జనమంతా అవతలి కల్లంలో పట్టాల మీద రాళ్లు పెడుతున్నారు. సుభానీకి ఈ ఊరి కట్టుబాటు తెలుసు, గంట మోగితే ఎవరైనా పట్టా పట్టాలి. బస్సు అయినంతమాత్రాన మినహాయింపేమీ లేదు.

ఇవతల, తన కల్లంలో, తన రాశి మీద పట్టా పరిచి ఉంది. ఒక మూల నీలం సూట్‌కేసు బరువు పెట్టి ఉంది. ఒక మూల, గొడుగు విరిగిపోయి, తడిసి ముద్దయి, జక్రయ్య మాస్టారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక మూల సంతోషకుమారి. చీర బురద, జడ బురద. నాలుగో మూల గాలికి లేచి టపటపా కొట్టుకుంటోంది.

"చూస్తారేంటి? వచ్చి కూర్చోండి," అంది. "అరగంటనుంచీ ఆ మూల ఎగురుతోంది. మీ కోసమే ఉంచాం."

జయరావు వెళ్లి నాలుగో మూల మీద కూర్చున్నాడు. పట్టా కదలటం మానేసింది.

"మూడింటిలోపు చెప్పమన్నాను," అంది.

"చెప్పానండీ. గంట పక్కన. వినపడలేదా?"

"గంట వినపడింది," అంది సంతోషకుమారి, గొంతు తగ్గించి. "అది చాలు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ముప్ఫై ఏళ్లు ఆ మాట పాఠం చెప్పాను. రాసుకున్నవాళ్లు, అప్పజెప్పినవాళ్లు, మార్కులు తెచ్చుకున్నవాళ్లు బోలెడుమంది. ఎక్కినవాణ్ణి మాత్రం ఇవాళే చూశాను. ఏరా జయరావూ, మీ అమ్మ ఎప్పుడొస్తుంది?"

"ఐదింటికండీ. ఎందుకండీ?"

"మాట్లాడాలి. రెబ్కాకి ఇంకో ఉత్తరం కూడా రాయాలి."

జయరావు ఆ మాట నమ్మలేక, పట్టా కింద చెయ్యి పెట్టి ఓ కాయ తీసి చూశాడు. గలగలలాడుతూ పొడిగా ఉంది. ఈదులపాడు చరిత్రలో గంట కొట్టినోడి మిరపకాయలు తడవకపోవటం అదే మొదలు.

ఎదురు మూలనున్న సంతోషకుమారి వైపు చూశాడు. వాడి ఎడమ కన్ను మూసుకుంది, తెరుచుకుంది.

"అయ్యో, మళ్లీ మిరపకాయా? ఉండండి, నీళ్లు తెస్తాను," అని లేవబోయింది.

"వద్దండీ," అన్నాడు జయరావు. "ఈసారి నేనే కొట్టాను."

జక్రయ్య మాస్టారు చటుక్కున తలెత్తి, ఒక్క మబ్బు కూడా లేని ఆకాశాన్ని ఎంతో శ్రద్ధగా పరీక్షించటం మొదలుపెట్టాడు.