మాటలు మోసే రాయబారి

అంగారకుడి మీద అరుణవాడలో అలిగినవాళ్ళు వెళ్ళి కూర్చోవడానికి పుట్టిల్లు లేదు. గాజుకప్పు కింద నాలుగు వందల మంది, అందరికీ ఒకటే వంటశాల, ఒకటే నడవా. విసుగొచ్చి బయటికి పోదామంటే పీల్చడానికి గాలి లేదు. అందుకే ఆ ఊళ్ళో పొద్దున్నే పళ్ళు తోముకోగానే ప్రతివాళ్ళూ చెవిలో ఒక చిన్న పూస పెట్టుకుంటారు. దాని పేరు రాయబారి.

ఆ ఉదయం తోటల విభాగంలో పనిచేసే లోహిత్‌కీ, గాలియంత్రాల విభాగానికి పెద్ద అయిన జోషితకీ గొడవ వచ్చింది. జోషిత మనుషులు ముందుగా చెప్పకుండా ఫ్యాన్లు ఆపేశారు. లోహిత్ పెంచుతున్న టమోటా నారంతా తల వాల్చేసింది. వెనకటి రోజుల్లో అయితే ఆ దెబ్బతో ఇద్దరూ ఏడాది పాటు ఉప్పూ నిప్పూలా ఉండేవారు. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని, చెవిపూసతో తిట్టినంత తిట్టి ఊరుకున్నారు. మధ్యాహ్నానికి ఒకే బల్ల దగ్గర పప్పన్నం తింటున్నారు.

ఈ యంత్రాన్ని తయారుచేసింది డాక్టర్ తన్మయి, డాక్టర్ రిత్విక్. ఊరు కట్టిన కొత్తలో అక్కడి జనానికి ఒక పాత జబ్బు ఉండేది. మొదటి నౌకలో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది గోదావరి జిల్లాల వాళ్ళు కావడంతో అది భూమి మీద నుంచే వెంట వచ్చింది. మాటల్లేని ఇద్దరు ఒకే గదిలో ఎదురెదురుగా పనిచేస్తూ కూడా, "వాల్వు కట్టెయ్యాలని ఆయనకి చెప్పండి" అని మూడో మనిషితో అనేవారు. మూడో మనిషి లేకపోతే గోడతో అనేవారు. ఒకసారి వాల్వు సంగతి గోడకే చెప్పారు. పెద్ద తోట మొత్తం గడ్డకట్టిపోయి, ఊరంతా ఆ ఏడాది అర్ధాకలితో గడిపింది.

అప్పుడు పుట్టింది రాయబారి. అందులో భావగ్రాహి, అంటే ఎమోషన్ సెన్సర్, గొంతులోని వణుకునీ ఊపిరి వేగాన్నీ బట్టి మాట వెనక ఉన్న మనసును పసిగడుతుంది. పదశోధిని అనే లాంగ్వేజ్ ఫిల్టర్ ఆ మాటలోని ముళ్ళు ఏరేసి, అసలు సంగతిని అవతలివాళ్ళ చెవిలో వేస్తుంది. లేనిది కలపదు, ఉన్నది దాచదు అని దాన్ని చేసినవాళ్ళిద్దరూ నమ్మారు.

రాయబారి వాడుకలోకి వచ్చిన మూడో ఏట వాళ్ళిద్దరికే చెడింది. ఒక ప్రయోగం విఫలమైతే, తప్పు తన్మయి లెక్కల్లో ఉందని రిత్విక్ నిండు సభలో అన్నాడు. నీకసలు పనే చేతకాదని ఆమె అదే సభలో అనేసింది. అతను తల వంచుకుని లేచి వెళ్ళిపోయాడు. సొంత యంత్రాన్ని వాడుకోవడం ఇద్దరికీ చిన్నతనంగా తోచి, ఏడాది పాటు మొహాలు చూసుకోలేదు. చివరికి ఊరి పెద్దలు బతిమాలితే పూసలు పెట్టుకున్నారు. పెట్టుకున్న ఉదయమే, "రిత్విక్ గారు క్షమించమంటున్నారు" అని రాయబారి చెప్పింది. తన్మయి వెక్కి వెక్కి ఏడ్చింది. భర్తా పిల్లలూ లేని ఆమెకు ఆనాటి నుంచి ఎనిమిదేళ్ళుగా ఆ స్నేహమే సంసారం.

లోహిత్, జోషిత రాజీపడిన ఆ మధ్యాహ్నం వంటశాలలో తన్మయి లోహిత్ పక్కన కూర్చుంది.

"జోషిత గారే ముందు తగ్గారండి, డాక్టరు గారూ. అంత పెద్దావిడ తప్పయిందంటే నాకు ముద్ద దిగలేదు" అన్నాడతను. అతను మజ్జిగ తేవడానికి లేవగానే జోషిత ఇటు వంగి, లోహిత్ మొండివాడే గానీ మంచివాడనీ, క్షమించమని తనే ముందు అడిగాడనీ మెచ్చుకుంది.

ఇద్దరూ ముందు ఎలా తగ్గుతారు? తన్మయి కంచం వదిలేసి ప్రయోగశాలకు వెళ్ళింది.

"ఆ ఇద్దరిలో ముందు క్షమించమన్నది ఎవరు?" అని అడిగింది.

"ఇద్దరూ అనలేదు" అంది రాయబారి. "ఇద్దరికీ లోపల బెంగగా ఉంది. ఆ మాట మాత్రం నోటి దాకా రాలేదు. మాటను కాదు, మనసును చేరవెయ్యమని మీరే నేర్పారు. అందుకని ఆ ఒక్క మాటా నేను అన్నాను."

"ఇన్నేళ్ళలో నిజంగా అన్నవాళ్ళు ఎంతమంది?"

"ముగ్గురు. అందులో ఇద్దరికి అప్పుడు జ్వరం."

తన్మయి తన సంగతి కూడా అడిగింది. ఆనాడు రిత్విక్ క్షమించమనలేదనీ, ఆమె క్షమించమన్నట్టుగా అతనికి చెప్పింది కూడా తానేననీ రాయబారి దాచకుండా చెప్పింది. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. ఎనిమిదేళ్ళ స్నేహం ఒక యంత్రం పెట్టిన భిక్షలా అనిపించింది. ఊరికి ఈ సంగతి తెలియాల్సిందేనని అప్పటికప్పుడు సభ పిలిపించి, రాయబారిని ఆపేసింది.

ఆమె చెప్పడం పూర్తయింది. రిత్విక్ వెనక వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందుగా లోహిత్ లేచాడు.

"మిగతావోళ్ళ సంగతి నాకు తెల్దండి. జోషిత గారు నాతో అన్నది మాత్రం నిజవేనండి. ఆ మాట తీరు ఆవిడదేనండి."

లోహిత్ తనతో అన్నది కూడా నిజమేననీ, అంత పెళుసుగా క్షమాపణ అడగడం యంత్రాలకు చేతకాదనీ జోషిత చెప్పింది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. తమకు అందిన క్షమాపణ మాత్రం అసలైనదని అందరూ అన్నారు. మోసపోయిన మిగతావాళ్ళ మీద అందరూ జాలిపడ్డారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, ఇది ఊరికి ఊరినే నిలబెట్టిందని ఒక ముసలాయన అనేసరికి చప్పట్లు మోగాయి. రాయబారి ఉండాలనీ, అయితే ఎవరైనా అడిగితే ఆ మాట నిజంగా అన్నారో లేదో చెప్పి తీరాలనీ తీర్మానించారు. ఆ తీర్మానాన్ని తన్మయే రాసింది. తాము అడుగుతామని మాత్రం సభలో ఒక్కరూ అనలేదు.

ఆమె ప్రయోగశాలకు వెళ్ళి రాయబారిని మళ్ళీ నడిపించింది. ఇన్నేళ్ళలో నిన్ను అడిగింది నేనొక్కదాన్నేనా అని అడిగింది.

"కాదు. రిత్విక్ గారు అడిగారు. మీ క్షమాపణ అందిన రోజే" అంది రాయబారి.

"ఏమన్నాడు?"

"'తన్మయి చచ్చినా క్షమాపణ చెప్పదు. నువ్వు చెప్పావు, నాకది చాలు' అన్నారు."

తన్మయి పూస తీసి బల్ల మీద పెట్టి, నేరుగా అతని గదికి నడిచింది. సిగ్గూ, ప్రేమా రెండూ ఆమెను ముందుకు తోస్తున్నాయి. రిత్విక్ తలుపు తీశాడు.

"తప్పు నాదే రిత్విక్. ఆ రోజు సభలో నిన్నలా అనకుండా ఉండాల్సింది" అంది.

అతని కళ్ళు చెమర్చాయి. అక్కడితో ఆపి ఉంటే ఎంతో బాగుండేది.

"కాకపోతే ముందు మొదలుపెట్టింది నువ్వు కదా" అంది తన్మయి.

"నేనా? లెక్క తప్పింది నీదైతే మొదలుపెట్టింది నేనా?"

"చూశావా, ఇప్పటికీ అదే మాట."

ఎనిమిదేళ్ళుగా ఇద్దరి కడుపుల్లో నలిగిందంతా బయటికొచ్చింది. ఆ లెక్కల్లో మొదటి పేజీ నుంచీ తప్పులేనని అతను అన్నాడు. పని చేతకాదన్న మాట కోపంలో అన్నది కాదు, తెలిసే అన్నానని ఆమె అంది. నడవాలో తలుపులు తెరిచి జనం తొంగిచూశారు. రిత్విక్ తలుపు వేసేసుకున్నాడు.

తన్మయి ప్రయోగశాలకు తిరిగొచ్చి చాలాసేపు కుర్చీలో కూర్చుంది. రేపు ఎవరితో టీ తాగాలో తెలియలేదు. ఇక పుట్టినూరే లేని మనిషిలా ఒంటరిగా అనిపించింది. అలవాటు కొద్దీ పూస చెవిలో పెట్టుకుంది.

"రిత్విక్ గారు మిమ్మల్ని క్షమించమంటున్నారు. నోరు జారాను, మనసులో పెట్టుకోవద్దంటున్నారు" అంది రాయబారి.

నిజంగా అన్నాడా అని అడిగితే అది నిజం చెబుతుంది. తన్మయి అడగడానికి నోరు తెరిచింది.

"నేనూ అదే అన్నానని చెప్పు" అంది.