కోళ్ల ఫారం కాడి గొంతు

దంతాలపల్లి నుంచి తండాకు పోయే బాటల పాడువడ్డ కోళ్ల ఫారం ఒకటుండె. పొద్దుగూకినంక అటు ఎవలూ పోకపోతుండ్రి. అండ్ల కావలి ఉన్న చాంద్యా పాము కరిచి ఆడ్నే సచ్చిండు. ఆయన పెండ్లాం చంద్రి పుణెకు కూలికి పోయింది... మళ్ల రాలేదన్నరు.

ఆ ఏడు వానకాలం ఆఖరు దినాల చీకట్ల ఒక గొంతు మొదలైంది — "ఆగుండ్రి..." అని. సన్నగ, గొంతుకు ఏదో అడ్డంవడ్డట్టు. ఇన్నోళ్లు ఇన్నట్టే ఉరికిండ్రు. నేనూ రెండు సార్లు ఉరికిన.

ఇది సునంద మేడం చెప్పిన ముచ్చట. ఆమె దవాఖాన పక్కపొంటే నా టైలర్ షాపు. వరంగల్‌ల ఎంబీబీఎస్, దాని మీద హైదరాబాద్‌ల మూడేండ్లు ఫ్యామిలీ మెడిసిన్ చదివింది. బోర్డు చూసి మావోళ్లు అడుగుతుండె — "గుండె డాక్టరా, పిల్లల డాక్టరా?"

"ఇంటిల్లిపాదికి డాక్టర్‌ను," అనేది.

ముసలామె బీపీ చూసుకుంటనే కోడలెందుకు చిక్కిందని అడిగేది. మంచం పట్టినోళ్లుంటే ఇంటికే పోయేది. ఆమె ఇంట్ల మాత్రం ఎవలూ లేరు. రాత్రి నేను షాపు మూసేటప్పుడు మీది అర్రల ఒక్కతే రేడియో పెట్టుకొని తింటుండేది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదు. తండాల జైసింగ్ తల్లికి దమ్ము లేసిందని కబురొచ్చింది. స్కూటీల పెట్రోల్ లేదు. మేడం బ్యాగు పట్టుకొని నడిసే పోయింది. ముసలామెకు సూదేసి, ఊపిరి నిమ్మళమయ్యేదాక కూసున్నది. లేసేసరికి తొమ్మిది దాటింది.

"తెల్లారి పోండి మేడం," అన్నడు జైసింగ్. "ఆ ఫారం కాడ..."

"అమ్మను ఇడిసి నువ్వు కదలకు. నేను పోత."

ఫారం దగ్గరికి వచ్చింది. ఒక్క ఆకు కదుల్తలేదు...

"ఆగుండ్రి..."

"నాకు భయం కాలేదనుకున్నవా, శ్రీశైలం? బ్యాగు ఆడ్నే పడేసి ఉరుకుదామనిపిచ్చింది," అన్నది నాతోని. పది అడుగులు ఉరికింది కూడ. అప్పుడు ఎనక నుంచి — దగ్గు. ఆగి ఆగి... రొమ్ముల తడి కదిలినట్టు. ఆఖరుకు ఈల లెక్క గుంజుకున్న ఊపిరి.

ఆ దగ్గు ఆమెకు తెలుసు. పదిహేనేండ్ల నుంచి చెవికి గొట్టం పెట్టుకొని ఇంటున్నది. సచ్చినోళ్లకు దగ్గు రాదు.

ఎనకకు మళ్లింది. రేకు తలుపు నూకి సెల్‌ఫోన్ లైటు కొట్టింది.

మూలకు, గోనె సంచుల మీద — రెండు కండ్లు. తోలు కప్పిన బొక్కలు.

"ఎవలమ్మా నువ్వు?"

"చంద్రి..."

పుణెల జబ్బువడితే పనికాడి నుంచి ఎల్లగొట్టిండ్రట. ఆ దగ్గు తండాల పిల్లలకు అంటుతదని భయపడి, ఎవలకూ చెప్పకుంట మొగడు సచ్చిన తాన్నే పండుకున్నది. తెచ్చుకున్న బియ్యం అయిపోయినయి. లేవస్తలేదు, ఇగ అప్పటి సంది బాటెంట పోయేటోళ్లను పిలుసుడు మొదలువెట్టింది. పగలు ట్రాక్టర్ల మోతల ఆమె గొంతు ఎవలకూ ఇనబడకపోయె. రాత్రి ఇనబడ్డా...

మేడం బ్యాగుల నీళ్లు కొన్ని కొన్ని తాపింది. కరెంటు లేక ఫోన్ కలువలే; తెల్లారేదాక ఆమె చెయ్యి పట్టుకొని ఆడ్నే కూసున్నది. పొద్దున కబురందినంక జైసింగ్ ఎడ్లబండి కట్టిండు. సర్కారు దవాఖానల తెమడ పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. గోలీలు మింగితే బతుకుతదన్నరు. బతికింది.

తండా చివర ఆమెకు చిన్న గుడిసె ఏసిచ్చిండ్రు. రోజు మార్చి రోజు ఎవలన్న ఎదురుంగ ఉండి గోలీలు మింగియ్యాలె. మేడం ఆ పని నాకు చెప్పింది.

మొదటి రోజు నేను పోయేసరికి మాపటేళ అయింది. చంద్రి గోలీ మింగింది. నేను లేస్తుంటే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"ఫారం బాటల పోకు బిడ్డా," అన్నది మెల్లగ.

"ఎందుకవ్వా?"

"ఆడ దెయ్యాలున్నయి... చీకటి పడితే ఉరుకుతయి. అడుగుల సప్పుడే, మనిషి ఉండడు. ఎన్ని రాత్రులు పిలిచిన్నో... ఒక్కటి పలకలే."