అల్యూమినియం గడప

"మేడం, నాలుగో నంబరు విల్లాల మళ్ల జామ్ అయ్యింది. ఈ వారంల మూడోసారి. ఇగ నాతోని కాదు."

ఆఫీసు తలుపు దగ్గరే నిలబడి ప్రకటించాడు రఫీయుద్దీన్. మోచేతుల దాకా తడి. భుజాన పైపుల్లోకి తోసే స్ప్రింగు తీగ. ముఖం చూస్తే ఎవరినైనా కరిచేలా ఉన్నాడు.

మెహర్ సుల్తానా కంప్యూటర్ మీంచి తల కూడా తిప్పలేదు. "లోపలికి రాకు రఫీ భాయ్. ఇప్పుడే తుడిచిండ్రు."

భాయ్! అదిగో, ఆ ఒక్క మాటకే రఫీకి ఒళ్ళు మండుతుంది. పైపులు జామ్ కావడం దాని ముందు ఓ లెక్కలోది కాదు.

"ఏం అడ్డం పడింది?" అని అడిగింది.

"ఏం పడుతది? కాగితం! ఇంత లావు కాగితం. మీ పోలెండ్ దొరలు చుట్టలు చుట్టలు గుంజి పడేస్తరు. పక్కనే నీళ్ళ స్ప్రే పెట్టినం గద, అది ఎందుకున్నది? నిన్న ఒకాయన దాంతోని బూట్లు కడుగుతున్నడు మేడం! నా కండ్లార చూసిన."

"నా పోలెండ్ దొరలేంది? నేనేమన్న పట్టుకొచ్చిన్నా?"

"వాళ్ళ దిక్కు మాట్లాడేది నువ్వే గద."

"నా డ్యూటీనే అది. వాళ్ళ అలవాటు వాళ్ళది. నీకేం నొప్పి?"

"నాకు గాదు, పైపుకు నొప్పి."

మెహర్ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. రఫీ అది చూడనే చూశాడు. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు విల్లాలు జామ్ అయినా ఫర్వాలేదనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే చిరాకేసింది.

చమురు ధర వంద డాలర్లు దాటి, ఖతార్‌లో ఎటు చూసినా క్రేన్లే కనిపిస్తున్న రోజులవి. గ్యాస్ ప్లాంటు పనికని పోలెండ్ నుంచి ముప్పై మంది ఇంజనీర్లు దిగారు. కంపెనీ వాళ్ళకు అల్ వుకైర్‌లో పన్నెండు విల్లాలు ఇచ్చింది. వాటి కుళాయిలూ పైపులూ చూసే ప్లంబర్ కోరుట్ల రఫీయుద్దీన్. వాళ్ళ ఫిర్యాదులు రాసుకుని అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేసే కోఆర్డినేటర్ బోధన్ మెహర్ సుల్తానా. ఇద్దరిళ్ళలోనూ ఉర్దూయే. అయితే ఆ ఆఫీసులో ఉర్దూ అందరికీ అర్థమవుతుంది. ఇంకొకరి చెవిన పడకుండా హాయిగా పోట్లాడుకోవాలంటే తెలుగొక్కటే దిక్కు.

పోట్లాటకు కారణాలకేం కొదవ! పోలెండ్ వాళ్ళు ఊరికే నవ్వరు. మనం నవ్వితే వెనక్కి తిరిగి ఎవరిని చూసి నవ్వుతున్నాడా అని వెతుకుతారు. కానీ క్లినిక్ వెయిటింగ్ రూంలోకి అడుగుపెడితే చాలు, ముక్కూమొహం తెలియని పదిమందికీ కలిపి "జెన్ దోబ్రీ" అని నమస్కారం చెబుతారు. ఇక రుమాలు సంగతి. ఒకాయన ముక్కు చీదితే మూడు విల్లాల అవతలికి వినపడుతుంది. చీదితే చీదాడు, ఆ బట్ట రుమాలు బుద్ధిగా మడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకుంటాడు! రఫీ ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేకపోయాడు.

మనవాళ్ళేం తక్కువ తిన్నారా? "రోజూ ఉదయం పంపు గది దగ్గర ఎవరికో ప్రాణం మీదికొస్తోంది, వెంటనే నర్సును పంపండి" అని మెహర్‌కు ఫిర్యాదొచ్చింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే ఏముంది, రఫీ హెల్పర్ ముత్యం నాలుక గీసుకుంటున్నాడు. నిర్మల్ నుంచి వచ్చిన నలభై ఎనిమిదేళ్ళ మనిషి. తన గొంతు సవరింపులో ఎమర్జెన్సీ ఏముందో ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు.

"రెండు నోటీసులు రాయాలె," అంది మెహర్. "ఒకటి వాళ్ళకు, ఒకటి మనోళ్ళకు. కూసో."

కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నమంతా, ఐదు చాయ్‌లు. 'కాగితం కమోడ్‌లో వేయరాదు' అని ఆమె టైపు చేస్తే, 'స్ప్రే బూట్ల కోసం కాదు' అని ఇతను చేర్చాడు. మరి దేనికో ఎవరు చెప్పాలి? విల్లాలన్నిటికీ ఇన్‌చార్జి, యాభై దాటిన పోలెండ్ ఆవిడ హలీనా మేడం అదే అడిగింది. రఫీ వచ్చీరాని ఇంగ్లీషులో, ఎడమచేత్తో గాలిలో అభినయించి మరీ చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "ఇంట్రెస్టింగ్" అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోయింది. మెహర్ టేబుల్ కిందికి వంగి కడుపు పట్టుకుని నవ్వింది.

ఆమె లేచేదాకా ఆగి అన్నాడు రఫీ. "మేడం, నన్ను భాయ్ అనకు."

"మరేమనాలె?"

"ఏమన్న అను. భాయ్ తప్ప."

మెహర్ ముఖం ఎర్రబడింది. నోటీసులో అక్షరదోషం లేనిచోట అక్షరదోషం దిద్దడం మొదలుపెట్టింది.

రెండు రోజులయ్యాక తనే చెప్పింది. "అన్నకు చెప్పిన."

"ఏమని?"

"ఒక ప్లంబర్ ఉన్నడని."

"ఏమన్నడు?"

"'క్యాంప్‌ల ఒక్క రూముల పదిమందితోని పండుకునే పిలగానికి నిన్నిస్తే నువ్వేడ ఉంటవ్' అన్నడు. మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌కు ఫ్యామిలీ క్వార్టర్ ఇస్తరంట గద. అది అయినంక రమ్మన్నడు."

మెహర్ అన్న హమీదుద్దీన్ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు, మాట మీద నిలబడే మనిషి. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీగానే ఉంది. ఎంచేది హలీనా మేడం. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి తన విల్లాకే రమ్మంది. ఆ ఒక్క ఇంటర్వ్యూ గట్టెక్కితే పోస్టు, పోస్టొస్తే క్వార్టర్, క్వార్టరొస్తే మెహర్. రఫీకి నిద్ర పట్టడం మానేసింది.

"ముందుగాల జెన్ దోబ్రీ అను," అని పాఠం చెప్పింది మెహర్. "కండ్లల్లకు చూసి మాట్లాడు. ఊకె ఇకిలించకు. చెయ్యి ఇయ్యి."

"ఆడమనిషికి చెయ్యి ఇయ్యాల్నా?"

"వాళ్ళల్ల అదే మర్యాద. ఇయ్యకపోతే పొగరనుకుంటరు."

"మా అమ్మీ వింటే..."

"మీ అమ్మీకి కోడలు కావాల్నా వద్దా?"

ఇక మాట్లాడేదేముంది! ఆదివారం రఫీ మూడుసార్లు సబ్బుతో చేతులు రుద్దుకున్నాడు. గోళ్ళు తీశాడు. అత్తరు పూసుకున్నాడు. విల్లా మెట్ల దగ్గర బూట్లు, మేజోళ్ళు విప్పి, ఉత్త కాళ్ళతో బెల్లు కొట్టాడు.

తలుపు తెరుచుకుంది. "జెన్ దోబ్రీ!" అని చెయ్యి చాపాడు.

హలీనా మేడం చెయ్యి సగం దాకా లేచింది. అంతలో ఆవిడ చూపు కిందికి పడింది. కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని వీపు వెనక దాచుకుంది. "నో, నో!" అంది. రఫీ కాళ్ళ వైపు చూసి మళ్ళీ "నో, నో!" అంది. చటుక్కున పక్కకు వంగి, పాత చెప్పుల జత ఒకటి తీసి రఫీ ముందుకు చాపింది.

చెప్పులు! రఫీకి కళ్ళు బైర్లు కమ్మాయి. బూట్లు చేత పట్టుకుని, మండుతున్న సిమెంటు మీద ఉత్త కాళ్ళతోనే ఆఫీసు దాకా నడిచాడు.

"చెయ్యి ఇస్తే గుంజుకున్నది. పైకెల్లి చెప్పు చూపించింది!" బూట్లు నేలకేసి కొట్టాడు. "ఎందుకో ఎరికేనా? నేను నీళ్ళతోని కడుక్కుంటనని నా నోటితోనే చెప్పిన గద. అందుకే ముట్టలె. కాగితంతోని తుడుసుకునేటోళ్ళకు నా చెయ్యి గలీజయ్యిందా? మూడుసార్లు కడుక్కున్న మెహర్... మేడం."

మెహర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం కోపం. కుర్చీ వెనక్కి తోసి లేచింది. "నేను పోయి అడుగుత."

"ఏం అవసరం లేదు. బిర్కత్ అల్ అవామిర్ గోడౌన్ల ప్లంబర్ కావాలంటున్నరు. సామాన్ తీస్కొని పోతున్న. మీ అన్నకు చెప్పు, ఆ ప్లంబర్ లేడని."

అన్నాడే గానీ, ఆమె ఆపుతుందేమోనని తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అప్పటికే ఆమె రెండో తలుపులోంచి హలీనా మేడం విల్లా వైపు వెళ్ళిపోయింది. ఎవరి కోపం వాళ్ళది.

ముత్యం పికప్ నడుపుతున్నాడు. రఫీ కిటికీలోంచి ఇసుక చూస్తున్నాడు. పెట్టె వెనకాల ఎగిరెగిరి పడుతోంది. ఫోన్ మోగింది.

"రఫీ! యాడున్నవ్?"

భాయ్ లేదు. రఫీ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, సరైన మనిషేనా అని పేరు చూసుకున్నాడు.

"బిర్కత్ అల్ అవామిర్ తొవ్వల."

"ముందు బండి ఆపు. మీ నానీ గడప మీదికెల్లి ఎవరికన్న ఏమన్న ఇచ్చేదా?"

"ఇదేం లొల్లి?"

"అడిగిందానికి జవాబియ్యి."

"ఇయ్యనే ఇయ్యకపోయేది. పక్కింటి ఎల్లవ్వ చింతపండుకొస్తే గుడ, 'నువ్వన్న లోపలికి రా, నేనన్న బయటికొస్త' అనేది. గడప మీద ఇచ్చిపుచ్చుకుంటే కొట్లాటలైతయని..."

రఫీ కళ్ళ ముందు హలీనా మేడం గుమ్మం మెదిలింది.

"ఆఁ," అంది మెహర్. "హలీనా మేడం అమ్మమ్మ గుడ గట్లనే చెప్పిందంట. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి చెయ్యి కలిపితే దోస్తానీ చెడుతదంట. నన్నైతే రెక్క పట్టి లోపలికి గుంజినంకనే చెయ్యి ఇచ్చింది."

"గడప ఏడున్నది అక్కడ? రెండు అంగుళాల అల్యూమినియం పట్టీ!"

"అది నాకెందుకు చెప్తున్నవ్, ఆమెకు చెప్పు."

"మరి చెప్పు ఎందుకు చూపించింది?"

"చూపించలె మొద్దూ, ఇచ్చింది! ఇంటికొచ్చినోళ్ళకు ఇంట్ల తొడుక్కునే చెప్పులిచ్చుడు వాళ్ళ మర్యాద. వట్టికాళ్ళతోని తిరిగితే సలికి జరమొస్తదంట."

"బయట నలభై అయిదు డిగ్రీలున్నది!"

"లోపల ఏసీ ఉన్నదంట! నీ కోసమని ఆపిల్ కేక్ చేసింది. 'బూట్లు చేతుల పట్టుకొని ఉరికిండు, ఇంత మర్యాద లేని మనిషిని నేను చూడలె' అంటున్నది. నాలుగింటికి ఇంకొకాయన పేరు పంపుతదంట. ఇంకా నలభై నిమిషాలున్నది. నాకు నీ మీద ఎంత కోపమొస్తున్నదో ఎరికేనా? ఒక్క మాట అడగకుండ పోతవా? నన్నిడిచిపెట్టి?"

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు జీరబోయింది. అంతలోనే బండి పక్కకు ఒరిగింది. ముత్యం ఎప్పుడు ఇండికేటర్ వేశాడో, యూటర్న్ తీసుకుంటున్నాడు.

"ఫోన్ల అంత గట్టిగ మాట్లాడుతే నాకినపడదా?" అన్నాడు ముత్యం, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "యల్లా, గట్టిగ కూసో."

నాలుగింటికి పది నిమిషాలు ఉండగా రఫీ మళ్ళీ బెల్లు కొట్టాడు. ఈసారి చేతులు రెండూ పక్కలకు అతికించుకుని నిలబడ్డాడు. హలీనా మేడం లోపల నిలబడింది, ఎదురుచూసింది. రఫీ పట్టీ దాటి కుడికాలు లోపల పెట్టాడు. ఎదురుగా అవే చెప్పులు. గోధుమరంగు ఉన్నివి, మడమల దగ్గర ఎవరిదో అచ్చు పడి ఉంది. ఎవరెవరి కాళ్ళు దూరాయో! కళ్ళు మూసుకుని తొడిగేశాడు.

పరీక్ష అయిపోలేదు. హలీనా మేడం చొక్కా చేతిలోంచి బట్ట రుమాలు తీసింది. ముక్కు చీదింది. మడిచింది. మళ్ళీ చొక్కా చేతిలోనే దోపుకుంది. అదే చెయ్యి రఫీ ముందుకు చాపింది.

యా అల్లా! ఒక్క క్షణం రఫీకి మెహర్ ఏడుపు గొంతు గుర్తొచ్చింది. గట్టిగా చెయ్యి కలిపాడు.

ఆవిడ మొదటిసారి నవ్వింది. కొంచెమే, లెక్కపెడితే రెండు పళ్ళు. కేకు కోసి పెట్టింది. "ముందు కుళాయి చూస్తా మేడం" అని రఫీ బాత్రూంలోకి దూరి, సబ్బుతో రుద్ది రుద్ది చేతులు కడుక్కొచ్చాకే కేకు ముట్టాడు. ఆవిడ కాగితం మీద అతని పేరు రాసి, కలం పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. పై బాత్రూంలో కూడా ఆ నీళ్ళ స్ప్రే ఒకటి పెట్టగలడా? సెలవులకు వెళ్ళేటప్పుడు పోలెండ్‌కు ఒకటి తీసుకెళ్ళాలనుంది, ఎక్కడ దొరుకుతుంది?

రఫీ నవ్వాడు. ఈసారి ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక, మిఠాయి డబ్బా పట్టుకుని హమీదుద్దీన్ ఫ్లాటు ముందు నిలబడ్డాడు. పెద్దమనిషి లేకుండా వెళ్తే బాగుండదని ముత్యాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ముత్యం ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు సవరించుకోబోయి, రఫీ ఉరిమి చూస్తే మానుకున్నాడు.

తలుపు మెహరే తీసింది. ఆకుపచ్చ దుపట్టా. ఆఫీసులో ఎన్నడూ పెట్టుకోని కాటుక. రఫీ నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాడు. తోచింది ఒక్కటే, మిఠాయి డబ్బా ముందుకు చాపాడు.

మెహర్ చటుక్కున వెనక్కి జరిగింది. చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

అన్న కాదన్నాడా? ఇంతచేసీ కాదన్నాడా?

లోపల్నుంచి హమీదుద్దీన్ భార్య సుర్రయ్యా అడిగింది, "కౌన్ హై?"

"రఫీ వచ్చిండు భాబీ," అంది మెహర్. కంగారులో ఉర్దూ మరిచి, వాళ్ళిద్దరూ పోట్లాడుకునే తెలుగులోనే అనేసింది. తర్వాత అతని పాదాల ముందున్న అల్యూమినియం పట్టీని కళ్ళతో చూపించింది. కళ్ళనిండా నవ్వు, ఆ నవ్వులోనే నీళ్ళు.

"లోపలికొచ్చి ఇయ్యి," అంది మెల్లగా. "మనకు ఇప్పటిదాక అయిన కొట్లాటలు సాలు."

రఫీ బూట్లు విప్పి, పట్టీ దాటాడు.